పొడుపు – విడుపు

ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరిరి. గ్రామ చరిత్రమును, దేవాలయ చరిత్రమును వ్రాయదగిన పెద్దలు వేఱుగా ఉన్నారు. కనుక నేను మన పఠన మందిరమున ప్రతి సాయంకాలము కంటబడు చిన్న విషయ మొకదానిని గైకొంటిని. పత్రికలు వచ్చినంతనే రాజకీయ వార్తల పుటకంటె ముందుగా నలిగిపోవు పుట ఒకటి కలదు. అది చిక్కు ప్రశ్నల పుట. ఒకరు గళ్ళలో మాటలు నింపుదురు. మఱియొకరు అంకెలు నింపుదురు. ఇంకొకరు ఈ రెండును తమ వల్ల కాదని పొడుపు కథలను పిల్లలకు వినిపించుచు కూర్చుందురు. పెద్దలు కొందఱు ఇది చూచి పనిలేని వారి పని యని విసుగుకొందురు. ఆ పనికి మూడువేల యేండ్ల వయస్సు గలదని వారికి మనవి చేయుటకే ఈ వ్యాసమును మొదలిడితిని.

నేను శాస్త్రములను గురుముఖమున చదివినవాడను కాను. మా యింట తరతరములుగా కరణీకము నడచి, 1984లో ఆ యుద్యోగములు రద్దగుటతో ముగిసినది. నాకు దక్కినవి పాత దస్త్రములును, లెక్క ఎచ్చట తప్పినదో వెదకి పట్టు అలవాటును మాత్రమే. ఇప్పుడును ఊరి లెక్కలు వ్రాయుటయే నా వృత్తి. కావ్యములను నిఘంటువు ప్రక్కన నుంచుకొని ఒంటరిగా చదివితిని. అట్లు చదువువానికి ప్రతి పద్యమును మొదట ఒక పొడుపు కథయే. అందుచేతనే కాబోలు, ఈ విషయమునందు నాకు మక్కువ కలిగినది.

మనకు లభించిన వాఙ్మయమున చిక్కు ప్రశ్న మొదట కనబడునది ఋగ్వేదములో. ప్రథమ మండలమునందలి 164వ సూక్తములో అడుగడుగునను పొడుపులే. అందొకచోట 12 ఆకులు గల చక్ర మొకటి అరుగక తరుగక ఆకాశమున తిరుగుచున్నదనియు, దానిపై 720 మంది కొడుకులు జంటలు జంటలుగా నిలిచియున్నారనియు చెప్పబడినది. చక్రము సంవత్సరము. దాని ఆకులు మాసములు. కొడుకులో? పగళ్ళు 360, రాత్రులు 360, కూడిన 720. సంవత్సరమును పండ్రెండు కొమ్మల చెట్టుగా చెప్పు పొడుపును మన యిండ్లలో ముసలమ్మల నోట విననివారు అరుదు. చక్రము చెట్టయినది, ఆకులు కొమ్మలైనవి. లెక్క మాత్రము మాఱలేదు. వేదమునుండి ఈ పొడుపు ముసలమ్మ యొద్దకు దిగివచ్చినదా, ముసలమ్మ యొద్దనుండి వేదమున కెక్కినదా అని నన్నడిగినచో, రెండవదే నిజమై యుండునని నా ఊహ.

అశ్వమేధ యాగమునందు ఋత్విజులు ఒకరినొకరు ప్రశ్నించుకొను ఘట్ట మొకటి కలదు. దానికి బ్రహ్మోద్యమని పేరు. ఒంటరిగా సంచరించువా డెవడు, మరల మరల పుట్టువా డెవడు, చలికి మందేమి అని యడుగుదురు. సూర్యుడు, చంద్రుడు, అగ్ని అనునవి ప్రత్యుత్తరములు. ఈ ప్రశ్నలే కొంచె మించుమించుగా మహాభారతమున యక్షుని నోట వినబడుచున్నవి. యజ్ఞశాలలో పుట్టిన ప్రశ్న అడవిలోని కొలని గట్టునకు చేరినదన్నమాట. మన తెలుగువారికి ఈ యక్ష ప్రశ్నల కథను అందించినవాడు అరణ్యపర్వ శేషమును పూరించిన ఎఱ్ఱన.

యక్షుని ప్రశ్నలకు మఱి ఏ చిక్కు ప్రశ్నకును లేని బరువు గలదు. అచ్చట నలుగురు తమ్ములు ప్రత్యుత్తరము చెప్పక నీరు త్రాగి పడియున్నారు. ధర్మరాజు వరుసగా చెప్పుకొనిపోవును. వానిలో పెక్కింటికి శాస్త్రజ్ఞానము చాలును. కాని తుదకు యక్షుడు, నలుగురిలో ఒక్కని బ్రదికించెదను, ఎవనిని కోరెదవని యడిగినప్పుడు భీముని గాని అర్జునుని గాని కోరక నకులుని కోరినాడు. కుంతి కొడుకులలో తానొకడు మిగిలియున్నాడు. మాద్రి కొడుకులలోను ఒకడు మిగులవలెను. ఈ విడుపు నిఘంటువులో దొరకునది కాదు. అడిగినవానికిని ముందుగా తెలియనిది. చిక్కు ప్రశ్నలలో ఇది యొక ప్రత్యేకమైన తెగ. దీని సంతతి యైన బేతాళుని గూర్చి ముందు చెప్పెదను.

యజ్ఞశాల నుండి ఇక రాజసభకు వత్తము. అరువదినాలుగు కళలను లెక్కించిన వాత్స్యాయనుడు ప్రహేళికను, సమస్యాపూరణమును కూడ వానిలో చేర్చెను. ఏడవ శతాబ్ది చివరను, ఎనిమిదవ శతాబ్ది మొదటను కంచిలో నుండిన దండి తన కావ్యాదర్శమున ప్రహేళికలను 16 విధములుగా విభజించెను. అవి ఎందు కుపయోగించునో కూడ ఆయన చెప్పెను. వినోద గోష్ఠులకు, పదిమందిలో నుండియు తెలిసినవారు రహస్యముగా మాటలాడుకొనుటకు, ఎదుటివారిని తికమక పెట్టుటకు అని ఆయన లెక్క. ఆ రెండవ ప్రయోజనమును చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. సంతలో పశువుల బేరగాండ్రు కండువా క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర తెలుపుకొనుట అట్టిదే కదా.

ఈ పండిత ప్రహేళికలలో విడుపు పద్యములోపలనే దాగియున్నచో అంతర్లాపిక యనియు, వెలుపల వెదకవలసి వచ్చినచో బహిర్లాపిక యనియు అందురు. అక్షరము నొకదానిని తీసివేసిన అర్థము మాఱునది చ్యుతాక్షరము. దీనికి నేనే కూర్చిన చిన్న ఉదాహరణము చూడుడు. మనుషులు గుమిగూడి నివసించు చోటు అది. మొదటి యక్షరము తీసిన విషమగును, రెండవది తీసిన ఒడలిలో నుండును, మూడవది తీసిన కొండ యగును. విడుపు 'నగరము'. గరము, నరము, నగము. ఇట్టివానిని పిల్లలు ఒకనాటి సాయంకాలములో పది కూర్చగలరు. ఒకసారి తాము కూర్చినపిదప ఇతరులు కూర్చినవి విప్పుట వారికి మంచినీళ్ళ ప్రాయమగును.

కాని ఆలంకారికు లందఱును ప్రహేళికను మన్నించిరనుకొనరాదు. కాశ్మీరమున పదునొకండవ శతాబ్దికి చెందిన మమ్మటుడు చిత్రకావ్యమును కావ్య భేదములలో అధమ స్థానమున నిలిపెను. పదునాలుగవ శతాబ్దిలో కళింగమునందలి విశ్వనాథుడు, ప్రహేళిక రసమునకు అడ్డు తగులును గనుక అది అలంకారమే కాదని త్రోసివేసెను. కావ్యము మాట వచ్చినప్పుడు విశ్వనాథుడు చెప్పినదే న్యాయము. కన్నీరు కార్చవలసిన చోట ముడి విప్పుచు కూర్చుండు పాఠకునికి కన్నీరెట్లు వచ్చును? చక్రమువలెను, పామువలెను, కత్తివలెను అక్షరములను పేర్చు బంధ కవిత్వము నాకును రుచింపదు. అందు శ్రమ యంతయు కవిదే. చదువరికి మిగులునది నోరు తెఱచుట. ఒక్క తురగబంధమును మాత్రము దీనినుండి మినహాయింతును. చదరంగపు గుఱ్ఱము నడచు నడకలో గడి గడికి దుమికి చదివినను, వరుసగా చదివినను పద్యము కుదురునట్లు తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీర దేశపు రుద్రటుడు కూర్చెను; పదునాలుగవ శతాబ్దిలో వేదాంత దేశికులు పాదుకా సహస్రమున కూర్చిరి. గుఱ్ఱపు నడకను గణితజ్ఞుడైన ఆయిలర్ లెక్కకు తెచ్చినది 1759 ప్రాంతమున. గుఱ్ఱమును నడిపించుట చదువరియే చేయవలసిన పని. చేతిలో బలపము, ఎదుట గళ్ళ పలక ఉన్నచో ఒక మధ్యాహ్నము తెలియకయే గడచిపోవును.

తెలుగువాడు తన సొత్తుగా చేసికొన్నది సమస్యాపూరణము. పొసగని యర్థము గల పాదము నొకదానిని ఇత్తురు. తక్కిన పాదములతో దానిని పొసగించవలెను. ఏనుగుల మంద దోమ గొంతులో దూరెనను అర్థముగల సమస్యను తెనాలి రామకృష్ణున కిచ్చిరని కథ. పాండవులంతటివారు విరటుని కొలువు చేయవలసి వచ్చిన కాలమును చెప్పి, ఏనుగులను పాండవులుగను, దోమను విరటునిగను చేసి ఆయన ముడి విప్పెనందురు. కథ నిజమో కాదో నేను చెప్పజాలను; విప్పిన తీరు మాత్రము ఈ కళకు పాఠము వంటిది. అసంబద్ధమైన మాటను మార్చలేము. అది సంబద్ధమగు చోటును వెదకవలెను. ఇట్లుగాక మాటను మఱియొక చోట విఱుచుట, ముందు ఒక యక్షరమును చేర్చి అర్థమును తలక్రిందులు చేయుట అను సులభోపాయములు కూడ కలవు. ఆకాశవాణివారి సమస్యాపూరణ కార్యక్రమమును విని, పొలము గట్టుమీదనే పద్యము కట్టుకొన్న రైతులను నే నెఱుగుదును. వారిలో ఛందస్సును పుస్తకమున చదివినవారు తక్కువ. చెవియే వారికి లక్షణ గ్రంథము.

దీనికి పరాకాష్ఠ అవధానము. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మొదలగు ఎనిమిది ముడులు ఒకేసారి ఒకని ముందు పడును. గంటల మ్రోత లెక్కపెట్టవలెను. అప్రస్తుత ప్రసంగమునకు బదులు చెప్పవలెను. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950) జంటగా ఊరూర తిరిగి దీనిని జనసామాన్యమునకు వేడుకగా చేసిరి. అవధానము చేయుట మనవంటివారికి సాధ్యము కాకపోవచ్చును. కాని పృచ్ఛకుని స్థానమున కూర్చుండి, ఏ యక్షరమును నిషేధించిన కవికి చిక్కగునో యోచించుట కూడ ఒక చిక్కు ప్రశ్నను విప్పుటయే.

ఇక నా మనస్సునకు దగ్గఱయైన తెగ. చదువరులు మన్నింపవలెను; ఇచ్చట కొంచెము తడవు నిలిచెదను.

పూర్వులు అంకెలను నేరుగా చెప్పక వస్తువుల పేళ్ళతో చెప్పు పద్ధతి యొకటి కలదు. కన్నులు రెండు, వేదములు నాలుగు, రుచులు ఆఱు, వసువు లెనమండ్రు, ఆకాశము సున్న. దీనిని భూతసంఖ్య యందురు. అంకెలను కుడినుండి ఎడమకు, అనగా ఒకట్ల స్థానమునుండి పైకి నడపవలెను. నన్నయ భట్టారకుని ఏలిక యైన రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనము ఆయన పట్టాభిషేకము జరిగిన శక సంవత్సరమును ఇట్లే చెప్పినది. వేదములు, సముద్రములు, నిధులు అని మూడు మాటలు. వేదములు నాలుగు, నిధులు తొమ్మిది. వీనిలో తగవు లేదు. సముద్రములో? చతుస్సముద్రములందుము, సప్తసముద్రములును అందుము. నాలుగని తీసికొన్నచో శక వర్షము 944. అనగా క్రీస్తు శకము 1022. ఏడని తీసికొన్నచో 974, అనగా 1052. ముప్పది యేండ్ల వ్యత్యాసము. చిన్న మాటపై రాజ్య చరిత్రయే ఊగులాడుచున్నది.

విప్పుట ఎట్లు? నందంపూడి శాసనము రాజరాజు పాలనలో 32వ యేటిది. నన్నయ రచించిన శాసన మది. పట్టాభిషేకము 1052లో జరిగినచో ముప్పది రెండవ యేడు 1080 దాటిన తరువాత గాని రాదు. అప్పటికి రాజరాజు లేడు. కులోత్తుంగుడు చోళ సింహాసన మెక్కి పదేండ్లు దాటినది. కనుక సముద్రములు నాలుగే. ఇంతటితో ఆగిన లెక్కవాడు ఎట్లగును? శాసనము సింహమాసమును, బహుళ విదియను, గురువారమును కూడ చెప్పినది. చరిత్రకారులు కట్టిన తేది 1022 ఆగస్టు 16. పాశ్చాత్యుల పాత పంచాంగ పద్ధతిలో ఆనాటి వారమును నేనే వ్రేళ్ళమీద, తరువాత కాగితము మీద వేసి చూచితిని. గురువారమే వచ్చినది. వేయేండ్ల నాడు తామ్రఫలకముపై ఎవరో వేసిన ముడి నా కాగితముపై విడివడినప్పుడు కలిగిన సంతోషమును ఎట్లు చెప్పుదును? ఆ రాత్రి భోజనము మఱచితినని మా యింటివారు ఇప్పటికిని ఎగతాళి చేయుదురు.

లెక్కల చిక్కులకు మన దేశము పుట్టినిల్లు. రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలో పెట్టెను. ఆయన పదునొకండవ శతాబ్దివాడని కొందఱు, పండ్రెండవ శతాబ్దివాడని కొందఱు వాదింతురు. ఏమైనను తెలుగు శాస్త్ర గ్రంథములలో అది మిక్కిలి ప్రాచీనమైనది. మహావీరుడు కొన్ని గుణకారముల ఫలములను హారములని ముచ్చటగా పిలిచెను. 139ని 109తో గుణింపుడు, 15151 వచ్చును. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకటే. 12345679ని 9తో గుణింపుడు. తొమ్మిది ఒకట్లు వరుసగా నిలుచును. 142857143ని 7తో గుణించిన నడుమ నన్నియు సున్నలు, రెండు చివరల ఒక్కొక్క ఒకటి. లెక్కలన్న భయపడు పిల్లవానికి ఈ మూడింటిని చేయించి చూడుడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో విఱిగిన వెదురును, పుట్ట చేరబోవు పామును పట్టు నెమలిని పెట్టినది కూడ ఈ యుపాయము తెలిసియే.

ఊరిలో లెక్కల చిక్కులు పుస్తకములతో పనిలేకయే బ్రదికినవి. తామరకు ఒక్కొక్క తుమ్మెద వ్రాలిన ఒక తుమ్మెద మిగులును, రెండేసి వ్రాలిన ఒక తామర మిగులును. తుమ్మెద లెన్ని, తామర లెన్ని యను ప్రశ్నకు నాలుగు, మూడు అని అయిదేండ్ల పిల్లలును చెప్పుదురు. నలువది సేర్ల రాయి కథ అంత తేలికైనది కాదు. ఒక కోమటి యొద్దనున్న నలువది సేర్ల తూకపు రాయి క్రిందపడి నాలుగు ముక్కలైనది. ఆ ముక్కలతో ఒక సేరు మొదలు నలువది సేర్ల వఱకు ఏ తూకమైనను తూచగలిగెను. ముక్కల బరువు లేమి? ఒకటి, మూడు, తొమ్మిది, ఇరువది యేడు. కిటుకేమనగా రాళ్ళను సరుకు ఉన్న తట్టలో కూడ వేయవచ్చును. ఇరువది సేర్లు కావలెనన్న ఒక తట్టలో ఇరువది యేడును మూడును వేసి, సరుకు ప్రక్క తొమ్మిదిని ఒకటిని వేయవలెను. 1612లో ఫ్రాన్సు దేశస్థుడైన బాషే అచ్చువేసిన వినోద గణిత గ్రంథమున కూడ ఈ తూకపు లెక్క ఉన్నది. సేర్లు పోయి కిలోలు వచ్చినను ఇది చెడలేదు. సంస్కృతమున దిట్టయైన ఒక ఉపాధ్యాయుడు ఈ లెక్కతో మూడు దినములు పెనగులాడుటను, చదువురాని దుకాణదారు ఒకడు క్షణములో తేల్చుటను నేను చూచితిని. ఉపాధ్యాయునికి తట్ట యెప్పుడును ఒక ప్రక్కనే కనబడినది.

అంకెల చదరములకు కూడ మన దేశమున దీర్ఘ చరిత్ర కలదు. ఆఱవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధ ద్రవ్యముల పాళ్ళు తెలుపుటకు పదునాఱు గళ్ళ చదరమును వాడెను. ఎటు కూడినను 18 పాళ్ళు. ఖజురహోలోని పార్శ్వనాథ దేవాలయమున చెక్కిన చదరము ఇది. మొదటి వరుస 7, 12, 1, 14. రెండవది 2, 13, 8, 11. మూడవది 16, 3, 10, 5. నాలుగవది 9, 6, 15, 4. అడ్డముగను, నిలువుగను, మూలకు మూలగను కూడుడు, 34. ప్రక్క ప్రక్కనున్న ఏ నాలుగు గళ్ళ చతురమును కూడినను 34. 1356లో నారాయణ పండితుడు గణిత కౌముదిలో వీనిని కట్టు విధానమునకు ఒక ప్రకరణమునే కేటాయించెను. కొందఱు ఇట్టివానిని రేకుపై వ్రాసి తాయెత్తుగా కట్టుకొందురు. దానివలన కలుగు మేలు నాకు తెలియదు గాని, కూడి చూచుటవలన కలుగు మేలు తెలియును.

నేడు పత్రికలలో వచ్చు సుడోకు ఈ చదరములకు దూరపు చుట్టము. దానిలో కూడిక లేదు. అంకెలకు బదులు తొమ్మిది పువ్వుల పేళ్ళు వ్రాసినను అదే యగును. జపాను పేరు పెట్టుకొన్నను పుట్టినది అమెరికాలో. హోవర్డ్ గార్న్స్ అను నాతడు కూర్చగా 1979లో అచ్చయినది. 1984లో జపానుకు, 2004లో లండను టైమ్స్ పత్రికకు చేరి లోకమంతట వ్యాపించినది. విడుపు ఒక్కటే ఉండవలెనన్న కనీసము 17 గళ్ళలో అంకెలు ముందుగా ఇచ్చి తీరవలెనని 2012లో గణక యంత్రముల సాయముతో తేల్చిరి.

గళ్ళలో మాటలు నింపు పదబంధ ప్రహేళిక దానికంటె పెద్దది. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ ప్రచురించిన దానితో అది మొదలు. తెలుగులోనికి వచ్చిన తరువాత శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు దానిని కూర్చుటకు పూనుకొనిరి. మన లిపిలో ఇది వేఱొక జాతి జంతువైనదని నా యభిప్రాయము. ఇంగ్లీషున గడికొక వర్ణము. తెలుగున గడికొక అక్షరము. స్వాతంత్ర్యము అను మాటకు ఇంగ్లీషున పండ్రెండు గళ్ళు కావలెను. మనకు నాలుగు చాలును. కాని ఆ మూడవ గడిలోని 'త్ర్య'ను తాకుచు నిలువుగా పోవు మాటను తెచ్చుట ఎంత కష్టమో కూర్చువానికి తెలియును! అందుచేత మనవారు గళ్ళ అల్లికను కొంత వదలుచేసి, ఆధారము నందలి శ్లేషను బిగించిరి. రామాయణార్థమును భారతార్థమును ఒక్క పద్యమున ఇమిడ్చి రాఘవపాండవీయమును వ్రాసిన పింగళి సూరన జాతివారికి శ్లేష చేతకాకపోవునా?

బేతాళుని గూర్చి చెప్పెదనంటిని. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరమున చేర్చిన ఇరువది యైదు కథలలో పెక్కింట కథ ముగిసినపిదప న్యాయ నిర్ణయ మొకటి మిగులును. తెలిసియు చెప్పనిచో తల వ్రక్కలగును. చెప్పినచో శవము చెట్టెక్కును. 1947 జూలైలో మొదలైన చందమామ పత్రిక, ఆ ఇరువది యైదును అయిపోయినపిదప క్రొత్త బేతాళ కథలను అల్లించుచు దశాబ్దములపాటు నడిపినది. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. దాని పాత సంపుటములు మన బీరువాలో అట్టలు ఊడిన స్థితిలో ఉన్నవి. అట్టలు ఊడుట గ్రంథాలయ పుస్తకమునకు గౌరవమే. అంకెలయందును అక్షరములయందును ఆసక్తి లేనివారు ఆ కథలలో చివరి పుటను చేతితో మూసిపెట్టి, విక్రమార్కుడు ఏమి చెప్పునో తామే చెప్పి చూడవలెను. ఇంటిలో నలుగురు నాలుగు విధములుగా చెప్పుదురు. కొన్నిసార్లు విక్రమార్కుడే ఓడిపోయినట్లు తోచును.

ఇప్పటివఱకు చెప్పిన పండితులలో ఒక్కరును గౌరవించి తమ గ్రంథములలో చోటు పెట్టని తెగ మన ఊరి పొడుపు కథ. పొడుచుట యనగా గ్రుచ్చుట. విడుచుట యనగా ముడి విప్పుట. దీనికి ఛందస్సు తెలియనక్కఱలేదు, అక్షరాస్యత యక్కఱలేదు. నాట్లలోను, కలుపులోను, వేరుసెనగ కాయ ఒలుచు చోటను స్త్రీలు దీనిని కాపాడిరి. దీపపు వత్తిని తోకతో నీరు త్రాగు పామని చెప్పిన ఆడుకూతు రెవరో, ఆమె చూపు దండి చెప్పిన పదునాఱు విధములలో ఎచ్చట ఇముడును? పండిత ప్రహేళిక మాటను చీల్చును. పొడుపు కథ వస్తువును చూచును. చూడనివానికి అది విడివడదు.

ఊరిలో ఎవరు తెలివిగలవారన్న ప్రశ్నకు మనము చదువును కొలబద్దగా పెట్టుకొంటిమి. పరీక్షలో తప్పిన పిల్లవానిని మందబుద్ధి యని పిలిచి వాడు దానిని నమ్మునట్లు చేయుదుము. నే నెఱిగిన ఒక కూలి స్త్రీ వ్రేలిముద్ర వేయునది. ఏ పొడుపునైనను రెండవసారి చెప్పనీయకయే విప్పునది. ఆమె పేరు ఏ యోగ్యతా పత్రముపైనను లేదు. నలువది సేర్ల రాయి ఆమెకు పట్టలేదు. సంస్కృత పండితునికి ఆమె పొడుపులు పట్టలేదు. ఇద్దఱిలో ఎవరు మందబుద్ధులు? ఒక తెగ చిక్కు తనకు రానంతమాత్రమున తన బుద్ధి చిన్నదని ఎవ్వరును అనుకొనరాదు. గళ్ళు నచ్చనిచో బేతాళుడున్నాడు; బేతాళుడు నచ్చనిచో తూకపు రాయి యున్నది. ఒకటి తనకు తగినదా కాదా తెలిసికొనుటకు నేను వాడు గుర్తు ఇది: విడుపు తెలిసినపిదప దానిని మఱియొకరికి పొడువవలెనని నాలుక దురద పెట్టినచో అది మనది. విడుపు చూచి హమ్మయ్య యని పుట త్రిప్పినచో కాదు. సుడోకు నాకు రెండవ జాతి. మా అబ్బాయికి అదియే మొదటిది. ఇద్దఱమును ఒకే పత్రికను చింపుకొనకుండ చదువుటకు ఈ భేదము మిక్కిలి సాయపడుచున్నది.

పొడుపు కథలకు ఇప్పుడొక క్రొత్త కష్టము వచ్చిపడినది. చెప్పువారు తగ్గుట మాట అటుండగా, విడుపులే ఇండ్లనుండి వెడలిపోవుచున్నవి. తిరుగలి, కవ్వము, ఏతము, కుంపటి వీనిపై కట్టిన పొడుపులను నేటి పిల్లలు విప్పలేరు. అది వారి బుద్ధిలోపము కాదు; ఆ వస్తువును వారు చూచియుండరు. శాసనములోని సముద్రమునకు మఱియొక శాసనము సాక్ష్యమిచ్చినది. ఏతమునకు ఎవరు సాక్ష్యమిత్తురు? ఈ కారణముననే గ్రంథపాలకుని బల్లపై గీతల పుస్తక మొకటి ఉంచితిమి. ఎడమ పుటలో పొడుపు, కుడి పుటలో విడుపు, క్రింద ఆ వస్తువు ఎట్లుండెడిదో రెండు ముక్కలు వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పిన గ్రంథపాలకుడే వ్రాయును. చందాదారులు తమ యిండ్లలోని పెద్దవారిని ఒకసారి వెంటబెట్టుకొని రావలెను.

దానిలో మొదటి పొడుపును నేను పైన చెప్పిన ఆ స్త్రీయే చెప్పినది. నాలుగు కాళ్ళది నడచును, కాళ్ళు లేనిది ఏడ్చును, రెండు కాళ్ళది కూర్చుండును, ఏమిటది? విడుపు మఱునాడు చెప్పెదనని నవ్వి వెళ్ళినది. ఆ వారములోనే జ్వరము తగిలి కాలము చేసినది. కుడి పుటలో ఇప్పటికి మూడు చేతివ్రాతలున్నవి. గానుగ అని ఒకరు వ్రాసిరి: ఎద్దు నడచును, గానుగ ఏడ్చి నూనె కార్చును, మనిషి మ్రానిపై కూర్చుండును. మోట అని మఱియొకరు: ఎద్దులు నడచును, బాన నీరు కార్చును, తోలువాడు మోకుపై కూర్చుండును. మూడవవారు బండి యనిరి. ఇరుసు ఏడ్చుటను వారు చెవులార విన్నారట. మూడును కుదురుచున్నవి. క్రింద ఇంకను ఆఱు గీతలు ఖాళీగా ఉన్నవి.